పొగగొట్టం పట్టని పెట్టె

బీదర్‌లో చౌబారా బురుజు దాటి నాలుగడుగులు ముందుకు వేస్తే ఎడమచేతి వైపు ఒక ఫొటో ఫ్రేముల దుకాణం కనిపిస్తుంది. అది జగదేవిది. దేవుళ్ళు, పెళ్ళి జంటలు, కాలం చేసినవాళ్ళు, పరీక్షల్లో మొదటి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, ఎవరైనా ఆమె చేతుల మీదుగానే గోడ ఎక్కాలి. భర్త వీరేశ్ పోయినప్పుడు ఇక ఆ దుకాణానికి తాళమే అనుకున్నారు అందరూ. జగదేవి మాత్రం దినాలు కాగానే వచ్చి షటర్ ఎత్తి, మొట్టమొదట భర్త ఫొటోకే ఫ్రేము కట్టి గల్లాపెట్టె వెనక తగిలించింది. దుకాణంలో అంత అందమైన ఫ్రేము ఇంకొకటి లేదు. వచ్చినవాళ్ళ కళ్ళన్నీ దాని మీదే పడతాయి. అది కావాలని అడిగితే జగదేవి తల ఎత్తకుండా జవాబిస్తుంది.

"ఫ్రేము ఇయ్య. లోపలున్నాయన కావాల్నంటే తీస్కపోండి. తిండి ఖర్చు సుత లేదు."

ఆమె తీరే అంత. కాశప్ప అని ఒక కిరాణా వర్తకుడు తన ఫొటోను నిలువెత్తున చేయించి ఫ్రేముకిచ్చాడు. ఇచ్చాక ఎన్ని వారాలైనా తీసుకుపోవడానికి రాలేదు. చూసి చూసి జగదేవి దాన్ని దుకాణం ముందు కొక్కేనికి తగిలించి, గంధపు చెక్క దండ ఒకటి వేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి ఇదేమిటని అడిగితే, "దండ ఎట్ల కనవడుతదో సూస్తున్న" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పొద్దు వాలేసరికి కాశప్ప ఇంటి ముందు పరామర్శకు వచ్చినవాళ్ళ చెప్పులు కుప్పపడ్డాయి. కాశప్ప చెమటలు కక్కుకుంటూ దుకాణానికి వచ్చి, తన ఫొటో తాను నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అటువంటి మనిషి దగ్గరికి ఒకరోజు ఆమె బావ దేవప్ప వచ్చాడు.

దేవప్ప జగదేవి అక్క బసవ్వకు భర్త. రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో బొగ్గింజన్‌లో పార పట్టి బొగ్గు వేశాడట. తర్వాత డీజిల్ వచ్చినా, కరెంటు వచ్చినా, ఆయన మనసు మాత్రం ఆ బొగ్గింజన్ దగ్గరే ఆగిపోయింది. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని దాని నమూనా తయారు చేశాడు. నీళ్ళ ఫ్లాస్కు బాయిలరైంది. నెయ్యి డబ్బా రేకు డ్రైవరు గది అయింది. ఇత్తడి చక్రాలు లేతు మిషను మీద దగ్గర నిలబడి తీయించాడు. పాత కుళాయి గొట్టం పొగగొట్టమైంది. మూరన్నర పొడవున, చంటిపిల్లంత బరువున తయారైన ఆ ఇంజన్ హాల్లో టీవీ ఉండాల్సిన చోట కూర్చుంది. టీవీ వంటింట్లోకి పోయింది.

పొద్దున లేచి స్నానం చేయగానే దేవప్ప మెత్తటి గుడ్డతో ఇంజన్ తుడుస్తాడు. కోడి ఈకతో చక్రాలకు నూనె రాస్తాడు. ముందున్న బుల్లి దీపాన్ని వెలిగించి, రెండడుగులు వెనక్కి వేసి, కాసేపు చూస్తాడు. అదయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చాయ్ లేదు. ఆదివారం ఇత్తడి తోమడానికి చింతపండు కావాలి. ఆ రోజు ఇంట్లో చారు ఉండదు.

"జగదేవీ, ఇంజన్‌కు పెట్టె జేయాలె," అన్నాడు దేవప్ప స్టూలు మీద కూర్చుంటూ. "మోసేటప్పుడు పెట్టె లెక్క, కింద వెడితే అద్దాల బీరువ లెక్క ఉండాలె. రెండూ ఒకటే. కమలనగర్‌ల అంబిక బడిల ఎగ్జిబిషన్ ఉన్నదంట. నాయినా, నీ ఇంజన్ తేవా అని ఫోన్ జేసింది."

అంబిక ఆయన కూతురు. కమలనగర్‌లో టీచరు.

"ఇంజన్ తీస్కరా బావా, కొలుసుకుంట."

"నీ దుకాణంలకా? రంపపు పొట్టు వడితే చక్రాలు పట్టేస్తయి. కొలతలు నేనే తెచ్చిన."

చొక్కా జేబులోంచి మూడు చీపురు పుల్లలు తీసి బల్ల మీద పెట్టాడు. పొడుగుది పొడవుకు, నడిమిది ఎత్తుకు, చిన్నది వెడల్పుకు.

"టేపును నమ్మ," అన్నాడు. "దుకాణానికో తీరు ఉంటది."

జగదేవి ఒక్కో పుల్లనూ వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "ఇది అక్క ఊడ్సే చీపురేనా?"

"అవ్. ఏంది?"

"ఏం లేదు. బలమైన పుల్లలు ఏరి తెచ్చినవ్ అంటున్న."

ఇద్దరూ చాలాసేపు వాదులాడుకున్నారు. దేవప్పకు గాజు కావాలి, జగదేవి అక్రిలిక్ షీటు వేస్తానంది. రైల్లో ఎవరి మోచేయి తగిలినా గాజు నిలవదని ఆమె వాదన. వెనకవైపు కొండలు, వంతెన బొమ్మ గీయించమన్నాడు ఆయన. అద్దం పెడతానంది ఆమె. అద్దమైతే ఇంజన్ అటు పక్క కూడా కనబడుతుంది కదా అంటే, ఆ మాటకు దేవప్ప లొంగిపోయాడు. అటు పక్క చక్రాలు తుడిచేటప్పుడు ఆయన ఎప్పుడూ మెడ నొప్పి తెచ్చుకుంటాడు. పైన ఒక్క పిడి ఉండాలని మాత్రం గట్టిగా చెప్పాడు.

"ఒక్క చేత్తోని పట్టుకొని దిగాలె. ప్లాట్‌ఫారం మీద నల్గురు సూస్తరు."

పని మొదలైంది. అడుగున మందమైన ప్లైవుడ్డు, దాని అంచులకు టేకు పట్టీ. కిటికీ అద్దాలు జరిగే అల్యూమినియం చానల్ ముక్కలు రెండు తీసుకుని పట్టాల్లా బిగించింది. చక్రాలు వాటిలో కూర్చుంటాయి. ముందుకూ వెనక్కూ జరగకుండా చెరో పక్క చెక్క ఆపు, ఆ ఆపుకు మఖ్మల్ గుడ్డ. మూడు వైపులా అక్రిలిక్, వెనక అద్దం, ముందువైపు అక్రిలిక్ మీదికి ఒక పలక. ప్రయాణంలో అది తలుపులా కాపు కాస్తుంది, దిగాక పైకి లాగి తీసేయవచ్చు. మూలలు కలిపే పనిలో జగదేవికి పేరుంది. మూల మీద గోరు పెట్టి గీస్తే గోరు ఆగకూడదు. ఆగితే ఆ మూల విప్పి మళ్ళీ కోస్తుంది. కస్టమర్లతో ఎంత ఆటలాడినా చెక్కతో మాత్రం ఆమె ఎన్నడూ ఆడలేదు.

పెట్టె తయారయ్యాక ఆటోలో వేసుకుని దేవప్ప ఇంటికి తీసుకుపోయింది. దేవప్ప చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఇంజన్‌ను రెండు చేతులా ఎత్తి పట్టాల మీద కూర్చోబెట్టాడు. చక్రాలు చానల్‌లో ఒదిగిపోయాయి. జగదేవి పైమూత తెచ్చి పెట్టింది. మూత కూర్చోలేదు. నొక్కి చూసింది. టంగున మోగింది.

పొగగొట్టం బొటనవేలంత పైకి ఉంది.

"తక్కువ కోసినవ్," అన్నాడు దేవప్ప.

"నీ పుల్ల ఎంతుందో గంతే కోసిన." జగదేవి సంచిలోంచి పుల్ల తీసి పొగగొట్టం పక్కన నిలబెట్టింది. పుల్ల చివర తెల్లగా విరిగి ఉంది. స్కూటర్ మీద వచ్చినప్పుడు జేబులో వంగి విరిగిపోయినట్టుంది. ఆ ముక్క చీపురుకూ లేదు, పెట్టెకూ లేదు.

"విరిగిన పుల్లను సూడక ఎట్ల కోసినవ్?"

"విరిగిన పుల్లను సూడక ఎట్ల తెచ్చినవ్?"

బసవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. చెల్లెలి నోటి నుంచి మాటలు జారుతుంటే అక్క నోటికి గడియ పెట్టి ఉంటుందని చుట్టాలు అంటుంటారు. ఆమె పెట్టె వంక చూసి, "పొగగొట్టం తీసేస్తే అయిపోతది గద," అని మాత్రం అంది. దేవప్ప ఆమెను చూసిన చూపు, పిల్లవాడి ముక్కు కోసేయమన్నట్టు వినపడ్డవాడి చూపు.

"పొగగొట్టం జోలికి వోకున్రి," అంది జగదేవి. "నేను జూస్కుంట."

ఇంజన్ దింపించి, పెట్టెను మూతతో సహా దుకాణానికి తెచ్చింది. పొగగొట్టం ఉండే చోట మూతకు చదరంగా కన్నం తీసి, దాని మీద ఒక బుల్లి గది లేపింది. ముందుకు తోరణం లాంటి కిటికీ పెట్టి అక్రిలిక్ బిగించింది. పొగగొట్టం అందులోకి వెళ్ళి కుదురుగా నిలబడుతుంది. అంతటితో ఆగిపోవచ్చు. కానీ ఎవరికో కట్టిన పూజామందిరం తాలూకు బంగారు రంగు బీడింగు పట్టీల ముక్కలు మూలన పడి ఉన్నాయి. వాటిని ఆ బుల్లి గది అంచులకు కొట్టింది. నాలుగు మూలల్లో నాలుగు చెక్క బుడిపెలు పెట్టింది. దూరం జరిగి చూసుకుంది. అచ్చం ఊరేగింపు దేవుడి మందిరంలా ఉంది. జగదేవి పెదవి కొరుక్కుని, ఏమీ ఎరగనట్టు రంగు బుడ్డి మూత పెట్టేసింది.

పెట్టె మళ్ళీ ఇంటికి తెచ్చి ఇంజన్ మీద మూత పెడితే దేవప్ప చూశాడు గాని ఆయనకు మందిరం కనిపించలేదు. ఆయన కళ్ళకు పొగగొట్టం ఒక్కటే కనిపించింది. అది మూతకు తగలడం లేదని వేలు పెట్టి చూసుకుని తృప్తిపడ్డాడు. ఆ తర్వాతే పిడి గుర్తుకొచ్చింది.

"పైన పిడేదీ?"

"పిడి వెట్టే జాగల నీ పొగగొట్టానికి గది లేపిన. పక్కలకు పెట్టిన, సూడు."

పెట్టె ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఇత్తడి పిడులున్నాయి. దేవప్ప రెండు చేతులూ చాపి పట్టుకుని లేపబోయాడు. పెట్టె పొడవుకు చేతులు బార్లా చాస్తే నడుము వంగదు, నడుము వంగితే చేతులు అందవు. రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాడు.

"ఒక్కనితోని గాదు," అంది జగదేవి. "ఇద్దరు కావాలె."

"నువ్వు రా మరి."

"నాకు దుకాణం ఉన్నది. అక్కను తీస్కపో."

దేవప్ప నవ్వాడు. "అది రైలెక్కుతదా?"

రైల్వేలో పనిచేసినంత కాలం ఆ ఇంటికి పాసులు వచ్చేవి. గడువు తీరి పోయేవి. బసవ్వ ఏ రైల్లోనూ ఎక్కలేదు. పెళ్ళికి పుట్టిల్లు దుబల్గుండి నుంచి బస్సులో వచ్చింది, కూతురి పెళ్ళికి జీపులో పోయింది. రైలు అంటే ఆమెకు రాత్రీ పగలూ తెలియకుండా ఉద్యోగం నుంచి వచ్చే భర్త, అతని నూనె మరకల బట్టలు, అంతే.

"చెల్లె వస్తే నేను వస్త," అంది బసవ్వ గుమ్మంలోంచి.

జగదేవి అక్కవైపు తిరిగింది. దుకాణం ఉందని చెప్పిన నోటితోనే, "వస్తలే" అంది.

ప్రయాణం రోజున దుమ్ము పడకుండా పెట్టె మీద ఏదైనా కప్పమన్నాడు దేవప్ప. బసవ్వ తన ఎర్ర ఇల్కల్ చీర తెచ్చి కప్పింది. జరీ కొంగు ముందుకు వచ్చేలా సర్ది, జారిపోకుండా నడుమున తాడు కట్టింది. బుల్లి గది మీద చీర శిఖరంలా నిలబడింది. ఒక పిడి దేవప్ప, ఒక పిడి బసవ్వ పట్టుకున్నారు. జగదేవి టిఫిన్ డబ్బా, స్క్రూడ్రైవర్ ఉన్న సంచీ పట్టుకుని వెనక నడిచింది.

బీదర్ స్టేషన్లో అడుగుపెట్టగానే జనం దారి ఇవ్వడం మొదలుపెట్టారు. టికెట్ల వరుసలో ఉన్న ఒకాయన చెప్పులు విడిచి పక్కకు జరిగాడు. పూలమ్మే ఆమె చేయి చాపి పెట్టెను తాకి కళ్ళకద్దుకుంది. దేవప్ప ఇదంతా తన పాత ఉద్యోగానికి దక్కుతున్న మర్యాద అనుకుని ఛాతీ విరుచుకున్నాడు. జగదేవి నవ్వు కనబడకుండా సంచీ అడ్డం పెట్టుకుంది. ఎవరైనా ఏ దేవుడని అడుగుతారు, అడిగి తీరతారు. అప్పుడు చెప్పడానికి ఆమె ఒక కథ సిద్ధం చేసుకుంది. దేవుడికో పేరు, ఒక ఊరు, ఒక జాతర, ఆ జాతరలో మొక్కు మరిచిపోయినవాళ్ళకు జరిగే శాస్తి, అన్నీ కుదిరాయి.

బోగీ కిక్కిరిసి ఉంది. అయినా పెట్టె లోపలికి రాగానే ఒక బల్ల మొత్తం ఖాళీ అయింది. పెట్టెను మధ్యలో పెట్టి, ఒకవైపు దేవప్ప, ఒకవైపు కిటికీ దగ్గర బసవ్వ కూర్చున్నారు. జగదేవి ఎదురు బల్ల మీద ఇరుక్కుంది. ఆమె పక్కనే ఒక పెద్దావిడ. పేరు సుందరాబాయి, ఉద్గీర్‌లో కొడుకు దగ్గర ఉంటుందట, పుట్టిల్లు తెలంగాణ సరిహద్దు దగ్గరి బగ్దల్. అందుకే తెలుగు బాగా మాట్లాడుతుంది. ఒళ్ళో సంచీ, సంచీలో కొబ్బరికాయ, అరటిపండ్లు.

రైలు కదిలింది. సుందరాబాయి చేతులు జోడించి అడిగింది.

"ఏ దేవుడు తల్లీ?"

జగదేవి గొంతు సవరించుకుంది. నోరు తెరిచింది కూడా. కానీ మాట ఇంకో వైపు నుంచి వచ్చింది.

"మా ఇంటి దేవుడు," అంది బసవ్వ.

కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. మొహంలో ఏ మార్పూ లేదు.

"పేరేంది?"

"పేరు వెట్టలే. మా ఇంటాయన తన చేతుల్తోని చేస్కున్నడు. పొద్దుగాల లేస్తే దీన్ని తుడుసుడు, దీనికి నూనె వెట్టుడు, దీపం ముట్టిచ్చుడు. గది అయినంకనే మాకు చాయ్."

సుందరాబాయి దేవప్ప వైపు భక్తిగా చూసింది. "ఉపాసన అన్నట్టు."

"ఉపాసమే," అంది బసవ్వ. "నాది. ఐతారం చారు సుత ఉండదు."

జగదేవి కథలోని ఊరు, జాతర, శాస్తి అన్నీ వృథా అయ్యాయి. పెళ్ళయినప్పటి నుంచి అక్క ఇన్ని మాటలు ఒక్క దమ్మున మాట్లాడగా ఆమె వినలేదు. దేవప్ప పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉంది. కాదనడానికి వీల్లేదు. ఆమె చెప్పిన ప్రతి ముక్కా నిజం. దగ్గబోయి, ఆపుకుని, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మొక్కితే ఏమిస్తడు?" సుందరాబాయి వదలలేదు.

"ఏమియ్యడు. కూసున్నకాడ్నే కూసుంటడు. కోడలిగ వచ్చినప్పటి సంది ఈ ఇంట్ల రైలు మాట తప్ప ఇంకో మాట లేదు. నన్ను మాత్రం ఒక్కపారి సుత యాడికి తోల్కపోలే. ఇయ్యాల్నే తోల్కపోతుండు."

"అయితే మహిమ ఉన్నట్టే గదమ్మా," అంది సుందరాబాయి. సంచీలోంచి కొబ్బరికాయ తీసి చీర కొంగు ముందు పెట్టింది. తన కొంగున ముడేసుకున్న కుంకుమ తీసి, కప్పిన చీర కాస్త పక్కకు జరిపి పెట్టె ముందు పలకకు పెట్టింది. వెనక నుంచి ఎవరో బంతిపూలు అందించారు. ఇంకెవరో అగరొత్తి వెలిగిస్తామంటే రైల్లో నిప్పు కూడదని దేవప్ప కంగారుగా ఆపాడు. అది కూడా పూజారి నియమమే అనుకున్నారు జనం.

భాల్కి దాటాక టికెట్ కలెక్టర్ వచ్చాడు. కుర్రవాడు. పూలు, కొబ్బరికాయ, ఎర్ర చీర చూసి ఆగాడు.

"ఇదేం లగేజీ?"

దేవప్ప లేచి నిలబడ్డాడు. ఇంతసేపూ ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారా అని ఎదురు చూసినట్టు గబగబా తాడు విప్పి, చీర తొలగించి, ముందు పలక పైకి లాగాడు. పైమూత తీసి దీపం మీట నొక్కాడు.

ఇత్తడి చక్రాలు తళుక్కుమన్నాయి. నల్లటి బాయిలరు, దాని మీద పొగగొట్టం, ముందు గుండ్రటి దీపం. వెనక అద్దంలో ఇంజన్‌కు పైన చుట్టూ ఉన్న ముఖాలన్నీ వరుసగా కనిపించాయి. జోడించిన చేతులు ఇంకా జోడించినట్టే ఉన్నాయి. ఎవరి చేతులు వాళ్ళకే అద్దంలో కనిపించేసరికి ఒక్కొక్కరూ మెల్లగా దించుకున్నారు.

జగదేవి తిట్లకు సిద్ధపడి సంచీ గుండెలకు హత్తుకుంది.

టికెట్ కలెక్టర్ ముందు తేరుకున్నాడు. వంగి చూస్తూ, "దీని చక్రాలు తిరుగుతయా?" అన్నాడు. దేవప్పకు అంతే చాలు. పిస్టన్ ఏది, అది చక్రాన్ని ఎలా తోస్తుంది, బొగ్గు ఎక్కడ వేస్తారు, కూత తాడు ఎక్కడ లాగుతారు అని మొదలుపెట్టాడు. కుర్రవాడు బల్ల చివర సర్దుకుని కూర్చుండిపోయాడు. టికెట్లు అడగాలన్న సంగతే అతనికి గుర్తు లేదు.

సుందరాబాయి ఇంజన్‌ను అటు నుంచీ ఇటు నుంచీ చూసింది. తర్వాత బసవ్వను చూసింది. కొబ్బరికాయ తీసి తన సంచీలో వేసుకుంది.

"కొడుకు తాన సత్తెనారాయణ వ్రతం ఉన్నది," అంది. "కుంకుమ మాత్రం ఉండనీ. బండ్లకు పెట్టేదే గద."

బసవ్వ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. అక్క ఏడుస్తోందేమోనని జగదేవి వంగి చూసింది. ఏడుపు కాదు. బసవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతోంది. ఆ నవ్వు సుందరాబాయికి అంటుకుంది, అక్కడి నుంచి బోగీ అంతా పాకింది. దేవప్ప ఒక్కడే పిస్టన్ దగ్గర ఆగకుండా చెప్పుకుపోతున్నాడు.

కమలనగర్ స్టేషన్లో అంబిక ఎదురు వచ్చింది. ముందు పెట్టెను చూసింది, తర్వాత దాని అవతలి పిడి పట్టుకున్న మనిషిని చూసింది. "అమ్మా, నువ్వా," అని అక్కడే నిలబడిపోయింది. తర్వాత తండ్రిని, ఇంజన్‌ను వదిలేసి తల్లిని పట్టుకుంది. పెట్టె కాసేపు ప్లాట్‌ఫారం మీద బంతిపూలతో ఒంటరిగా కూర్చుంది.

బడిలో ఇంజన్ చుట్టూ పిల్లలు మూగారు. దారిలో కుదుపులకు ఒక చెక్క ఆపు వదులైంది. జగదేవి స్క్రూ బిగించి, పలక తీసి, అక్రిలిక్ తుడిచింది. దేవప్ప కన్నడంలో ఇంజన్ పాఠం చెప్పాడు. పిల్లలు మాత్రం వెనక అద్దంలో తమ మొహాలను చూసుకుని, డ్రైవరు గది కిటికీలో ఎవరి మొహం ఇముడుతుందా అని తోసుకున్నారు. దేవప్పకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఆయన కూడా వంగి, తన మొహం ఆ కిటికీలోకి తెచ్చుకోవడానికి ఎక్కడ నిలబడాలో వెతుక్కున్నాడు.

మర్నాడు తిరుగు ప్రయాణం మాట ఎత్తాడు. బసవ్వ పళ్ళెంలో అన్నం కలుపుకుంటూ అడిగింది.

"ఈ బండి ఇంక ముంగటికి యాడిదాక పోతది?"

"ఉద్గీర్. దాని తర్వాత లాతూర్ దిక్కు."

"ఉద్గీర్ ఎట్లుంటది?"

"మలుపు ఉంటది. మలుపు దాటినంక సిగ్నల్ ఎడమ దిక్కు..."

"ఊరు ఎట్లుంటది అంటున్న."

దేవప్ప ముద్ద నోటి దగ్గర ఆపాడు. ఊరు. ఉద్గీర్ ఊళ్ళోకి ఆయన ఎన్నడూ పోలేదు. స్టేషన్లో ఇంజన్ ఆపడం, చాయ్ తాగడం, ఇంజన్ కదిలించడం. అన్ని ఊళ్ళూ అంతే. పేర్లు తెలుసు, ప్లాట్‌ఫారాలు తెలుసు, వంతెనలు తెలుసు. స్టేషన్ గేటు దాటి ఏ ఊళ్ళోనూ నాలుగడుగులు వేయలేదు.

"నేను సుత సూడలే," అన్నాడు చివరికి.

"అయితే పోదాం పా. నీ దేవుడు ఈడ్నే బడిల ఉంటడు. అంబిక తుడుస్తది."

ఆ ఇద్దరినీ ఉద్గీర్ రైలెక్కించి జగదేవి ఒక్కతే బీదర్ తిరిగి వచ్చింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే ఉడుకుమోత్తనం. ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఎవరినైనా ఆట పట్టించాలంటే తన తర్వాతే ఎవరైనా. అటువంటిది, ఎర్ర చీర కప్పిన పెట్టె, కిక్కిరిసిన బోగీ, చేతులు జోడించిన పెద్దావిడ, అన్నీ ఎదురుగా అమరి ఉండగా, నోట్లో మాట లేదనుకున్న అక్క వచ్చి మొత్తం ఎత్తుకుపోయింది.

దుకాణం తెరిచిన రోజే ఎదురుగా చాయ్ అమ్మే పీరప్ప, ఫ్రేములకు వచ్చిన నలుగురైదుగురు ప్రయాణం ఎలా జరిగిందని అడిగారు. జగదేవి చెప్పింది. బాగా చెప్పింది. ఒక్క చిన్న మార్పు చేసింది, అంతే. సుందరాబాయి "ఏ దేవుడు" అని అడిగినప్పుడు జవాబిచ్చింది తానే. ఉపాసం ముక్కను "ఉపాసమే, మా అక్కది" అని మార్చింది. అందరూ పడీపడీ నవ్వారు. మరుసటి రోజు ఇంకొందరు విన్నారు. రోజులు గడిచేకొద్దీ కథకు నునుపు వచ్చింది. జగదేవికి కూడా ఆ మాటలు తానే అన్నట్టు అనిపించసాగింది.

ఒక మధ్యాహ్నం కథ సగంలో ఉండగా మెట్లెక్కి బసవ్వ వచ్చింది. చేతిలో కొత్త సంచీ ఉంది, దాని మీద మరాఠీ అక్షరాలున్నాయి. కూర్చున్నవాళ్ళెవరికీ ఆమె ఎవరో తెలియదు. జగదేవి చేతిలోని ఫ్రేమును అటూ ఇటూ తిప్పింది. బసవ్వ మాత్రం మూలన ఉన్న స్టూలు లాక్కుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వినడానికి వచ్చినదానిలా తల ఆడించింది. ఆపడానికి దారి లేక జగదేవి కథ చివరిదాకా లాగింది. జనం నవ్వారు. బసవ్వ కూడా నవ్వింది.

"మరి మీ అక్క ఏమన్నది?" అని అడిగింది.

జగదేవి ఫ్రేము మూల మీద గోరు పెట్టి గీస్తూ, "ఆమె ఏమంటది," అంది. "ఆమె నోట్ల మాట లేని మనిషి."

"పాపం," అంది బసవ్వ. పీరప్పను పిలిచి అందరికీ చాయ్ తెమ్మంది, జగదేవి లెక్కలో రాసుకోమంది. "ఈమె మంచిగ చెప్తున్నది. నేను నడుమ వచ్చిన. మొదటి సంది ఇంకోపారి చెప్పమనున్రి."

జగదేవి మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. ఈసారి మాటలు వరుస తప్పాయి. దేవుడికి దీపం ముందా, నూనె ముందా అన్న దగ్గర ఆగిపోయింది. బసవ్వ చాయ్ ఊదుకుంటూ, "తుడుసుడు, నూనె వెట్టుడు, అటెన్క దీపం," అని అందించింది.